ఒక కాలర్ లేబులుకు టీకా తాత్పర్యం

మూలం:

. . . . టైలర్స్
మధురానగర్, హైదరాబాద్–38
(ఆం.ప్ర.)
ఫోన్: 37 . . . . .

అవతారిక: పెదనాన్నగారి ట్రంకుపెట్టె సర్దుతుండగా బయటపడిన లేతనీలం గళ్ళ చొక్కా మెడలో దొరికిన పాఠమిది. పక్క హాస్టల్ కుర్రవాడు చూసి, "వింటేజ్ అంకుల్! డెబ్భైల నాటిది, నాకిచ్చేయరాదూ" అన్నాడు. ఇవ్వడం మాట తర్వాత. 'డెబ్భైలు' అన్నది తేలాలి కనుక ఈ వ్యాఖ్య. ఛందస్సు తెలియదు. కవి పేరు మెడ రాపిడికి లుప్తమైంది.

టీక: టైలర్స్ = కుట్టుపనివారు (ఉన్నది ఒక్కరే అయినా బహువచనం గౌరవార్థకం); మధురానగర్ = అమీర్‌పేటకు పొరుగుననున్నట్టిదియు, 2019 మార్చి మొదలు మెట్రోరైలు ఆగునట్టిదియు నగు పేటయందు; హైదరాబాద్–38 = ముప్పదియెనిమిదవ అంకెచే గుర్తింపబడు భాగ్యనగర భాగమందు; ఆం.ప్ర. = అప్పటి రాష్ట్రమందు; ఫోన్ = పిలిచినచో పలుకునట్టి యంత్రము; 37 = ఏడంకెలలో మొదటి రెండును (తక్కిన అయిదును ఉతుకులో పోయినవి).

తాత్పర్యం: చొక్కా బాగుందని ఎవరైనా మెచ్చుకుంటే మెడ వెనక్కి మడిచి చూపవలసిందని భావం.

విశేషాలు: 38 దగ్గరే మొదటి తగవు. పిన్‌కోడ్ వచ్చింది 1972 ఆగస్టు 15న. 500038 అని పూర్తిగా లేదు కాబట్టి అంతకు ముందుదేనని పూర్వపక్షం. అది నిలవదు. నేటికీ పెళ్ళిపత్రికల మీద 'హైదరాబాద్–38' అనే వేస్తున్నాం. అందరికీ తెలిసిన 500 ఎందుకని ఎగరగొట్టడం మన అలవాటు.

ఫోను గట్టి సాక్ష్యం. మన ఊళ్ళో ల్యాండ్‌లైన్లు ఒకప్పుడు ఆరంకెలు, 1990లలో ఏడు, ఈ శతాబ్దం మొదటి ఏళ్ళలో ముందు 2 చేరి ఎనిమిది. కాబట్టి ఏడంకెల లేబులు డెబ్భైలది కాదు. కుర్రవాడి వాదం ఇక్కడితో సరి.

ఇక 'ఆం.ప్ర.' ఉంది కనుక 2014 జూన్ 2కు ముందుదే అనబోయేరు, ఆగండి. టైలరు లేబుళ్ళు చొక్కాకొకటి చొప్పున నేయించడు. ఒకేసారి పెద్ద చుట్ట తెప్పించుకుని, అయిపోయేదాకా కత్తిరించి కుడతాడు. రాష్ట్రం విడిపోయిందని చుట్ట పారేసే టైలరును నేనెరగను. ఏడంకెలూ అంతే. లేబులు ఇంతకన్నా ముందుది కాదని చెబుతుంది గానీ, ఇంతకన్నా తర్వాతది కాదని చెప్పదు.

రెడీమేడ్ అయితే ఇంత రాద్ధాంతం ఉండకపోను. లూయీ ఫిలిప్ మన మార్కెట్లోకి వచ్చింది 1989లో, అలెన్ సోలీ 1993లో. అవి ఉంటే ఆ ఏటికి ముందుది కాదు. (వాటిని తెచ్చిన కంపెనీ పేరు మదురా గార్మెంట్స్. మూలంలోని మధురతో ఏ బంధుత్వమూ లేదు.) తయారైన నెల, సంవత్సరం, ఎమ్మార్పీ అట్టముక్క మీద ఉంటాయి. దాన్ని తొడిగిన మొదటి రోజునే పీకి పారేస్తాం. అమెరికాలోనైతే 1972 నుంచి ఉతికే విధానం లేబులు తప్పనిసరి, 1997 నుంచి మాటలు లేకుండా ఉత్త గుర్తులు వేసినా చెల్లుతుంది. అక్కడివాళ్ళు ఆ రెండు మెట్లు పట్టుకుని పాత చొక్కాల కాలం కట్టేస్తారు. మనకు ఉతికే విధానం చాకలికి నోటిమాటగా చెప్పడమే, అదీ పండక్కోసారి.

కాలర్ మొనలు పొడుగు కదా, డెబ్భైల ఫ్యాషన్ కదా అంటారా? పెదనాన్నగారికి కాలర్ విషయంలో కాలం ఆయన పెళ్ళినాడే ఆగింది. ఆ తర్వాత ఏ టైలరు దగ్గరికి వెళ్ళినా పాత చొక్కా కొలతకిచ్చి 'అచ్చం ఇలాగే' అనేవారు. ఇలాంటి మనుషులుండగా ఫ్యాషన్‌ను బట్టి ఏడు కట్టడం అవివేకం. గుడ్డ మాట: అంచునుంచి ఒక పోగు లాగి వెలిగిస్తే కొంత బూడిదై, కొంత కరిగి గట్టి పూసలా ముడుచుకుంది. నూలూ పాలిస్టరూ కలిసిన టెరికాటన్. ఎనభైలలోనూ దొరికేది, తొంభైలలోనూ దొరికేది.

మెడను వెలుతురుకు పట్టి చూస్తే మరో చిక్కు. చొక్కా అంతా నీలం దారంతో కుట్టు. లేబులు నాలుగు మూలలూ, మెడపట్టీ చుట్టూ మాత్రం తెల్లదారం. కాలర్ గళ్ళు ఒంటి గళ్ళతో కలవవు, అడ్డంగా పోతున్నాయి. చేతులు హాఫ్, కానీ మడత లోపల పాత కుట్టు చిల్లులు. జరిగింది ఊహించవచ్చు: కాలర్ చిరిగితే ఫుల్ చేతులు కోసి, ఆ గుడ్డతో కొత్త కాలర్, పట్టీ వేయించారు. వేసినాయన తన లేబులు కుట్టుకున్నాడు. అంటే ఇంతసేపూ మనం మూలమనుకున్నది ప్రక్షిప్తం!

మొదట కుట్టినవాడి లేబులు పాత కాలర్‌తోనే పోయింది. అసలు పాఠంలో మిగిలింది ఒక్కటే, బొత్తాల పట్టీ లోపల నల్లజీడితో చాకలి పెట్టిన గుర్తు: రెండు గీతలు, ఒక చుక్క. ఎన్ని ఉతుకులకూ చెక్కుచెదరలేదు. అది ఏ ఇంటి బట్టో చెబుతుంది, ఏ ఏటిదో చెప్పదు. కాబట్టి కాలర్‌కు తొంభైలు మొదలు, ఒంటికి అంతకు ముందెప్పుడో. పెద్దమ్మ మాత్రం ఈ వ్యాఖ్యంతా విని, "స్టీలు గిన్నెలవాడికి వేద్దామని పక్కన పెట్టింది రా అది, నువ్వెందుకు తీశావ్?" అంది.