ఇప్పసారా కుండ ఆత్మకథ

నేను ఇప్పసారా కాచే మట్టికుండను. భద్రాచలం దాటి దుమ్ముగూడెం, చర్ల వైపు సాగే అడవిపల్లెల్లో కోయల ఇళ్లే నా ఊళ్లు. ఎండలు ముదిరే వేళ తెల్లవారుజామున రాలిన ఇప్పపూలను ఏరి, ఎండబెట్టి, నీళ్లలో నానేసి పులియబెడతారు. ఆ పులిసినదాన్ని నాలో పోసి పొయ్యి మీదికెక్కిస్తే ఆవిరి లేచి, పైనున్న చన్నీళ్ల గిన్నె అడుగుకు తగిలి, చుక్కలుగా కారుతుంది. అదే సారా. విత్తనాల పండుగైనా, పెళ్లయినా, చావైనా ముందు వేల్పులకూ పెద్దలకూ నేల మీద చుక్క వదిలాకే మనుషులు తాగుతారు. ఒక్కడి కోసం నన్ను పొయ్యి మీద పెట్టే ఆచారం లేదు. నా బతుకంతా నలుగురి మధ్యే కనుక నాకు తెలిసిన సంగతి ఒకటుంది: నలుగురిలో అలవాటైన తాగుడును మానాలన్నా నలుగురి తోడే కావాలి. తాగుడు మానదలచినవాళ్లు వారంవారం కలిసి కూర్చునే చోటు ఈ మన్యంలోనూ ఉండి తీరాలి.

దీనికి ఆధారాలున్నాయి. కేంద్ర ప్రభుత్వం కోసం ఎయిమ్స్ చేసి 2019లో వెలువరించిన సర్వే ప్రకారం, దేశంలో మద్యం వల్ల సాయం అవసరమైన స్థితికి చేరినవాళ్లు సుమారు 5.7 కోట్లు. మద్యానికి బానిసైనవాళ్లలో ఏదో ఒక చికిత్స అందిందని చెప్పింది మాత్రం 38 మందిలో ఒక్కరే. మిగిలిన 37 మందికి ఊరికి దగ్గరగా, డబ్బు అడగకుండా దొరికే సాయం కావాలి. తాగుడు మానదలచినవాళ్లు కలిసి నడుపుకునే ఆల్కహాలిక్స్ అనానిమస్ సంఘం సరిగ్గా అలాంటిదే. 1935లో అమెరికాలోని ఏక్రన్ పట్నంలో ఒక షేర్ల వ్యాపారి, ఒక సర్జన్ కలిసి దాన్ని మొదలుపెట్టారు. వైద్యం తెలిసిన ఆ సర్జన్‌ను నిలబెట్టింది తనలాగే తాగి నలిగిన మరో మనిషి మాట. ఆ సంఘం మీటింగులకు ఫీజు లేదు. తాగుడు మానాలన్న కోరిక తప్ప వేరే అర్హత అక్కర్లేదు. 27 అధ్యయనాలను, పదివేలకు పైగా మనుషుల వివరాలను పరిశీలించిన 2020 నాటి కాక్రేన్ వైద్య పరిశోధనల సమీక్ష కూడా, పూర్తిగా మానేసి నిలబడే విషయంలో ఈ దారి ఇతర పేరున్న చికిత్సల కంటే మెరుగైన ఫలితమిస్తోందని తేల్చింది.

నిషేధం పెడితే చాలదా అని కొందరు అడుగుతారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు రాత్రిబడి చదువుతో మేలుకొని సారా దుకాణం మూయించారు. ఆ ఉద్యమం ధాటికి రాష్ట్రంలో 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో సంపూర్ణ నిషేధాన్ని సడలించారు. ఆ ఆడవాళ్ల విజయం గొప్పదే, అదీ కూడి గెలిచిందే. అయితే చట్టం అమ్మకాన్ని ఆపగలదు కానీ, సాయంత్రమయ్యేసరికి వణికే చేతిని పట్టుకోలేదు. అడవిలో పూలు రాలుతున్నంత కాలం నన్ను పొయ్యి మీదికెక్కించేవాళ్లూ ఉంటారు.

తాగుడు డాక్టర్లు చూడాల్సిన జబ్బు కదా అన్న మాటలో నిజముంది. ఏళ్ల తరబడి విపరీతంగా తాగినవాడు ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్, మతిభ్రమ రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. అందుకే తొలిరోజులు ఆసుపత్రివే. కానీ ఆసుపత్రి నుంచి వచ్చినవాడు బతకాల్సింది ఊళ్లోనే. ఆ తరవాతి రోజులకు మీటింగ్ కావాలి. ఆ మీటింగుల్లో దేవుడి మాట వస్తుందని వెనకాడేవాళ్లున్నారు. ఎవరి దేవుణ్ణి వాళ్లే అనుకునే వీలు అక్కడుంది, కోయ వేల్పులకూ చోటుంది. చిన్న ఊళ్లో గుట్టు దాగదన్న భయం మరింత న్యాయమైనది. విన్నది బయట చెప్పకపోవడం అక్కడి కట్టుబాటు. అదీ చాలదనిపిస్తే పక్క మండలం మీటింగుకు వెళ్లవచ్చు. నిజానికి తాగి పడిపోయిన రోజు ఊరంతా చూసిందే. మానడానికి వెళ్లే రోజు దాచాల్సినంత తప్పేమీ కాదు.

ఈ మీటింగ్ మా ఆచారం మీద దెబ్బ అనేవాళ్లకు నేనే జవాబివ్వాలి. వేల్పుకు చుక్క వదిలినవాడు తానూ తాగి తీరాలని పట్టుబట్టకపోతే ఆచారానికొచ్చే లోటేమీ లేదు. గిరిజన ప్రాంతాల పంచాయతీల కోసం వచ్చిన 1996 నాటి పెసా చట్టం మత్తుపదార్థాల అమ్మకాన్ని కట్టడి చేసే అధికారం పంచాయతీలతో పాటు గ్రామసభకూ ఉండాలంది. పండుగలో తాగని మనిషికి గౌరవంగా చోటిచ్చే తీర్మానం చేయడానికి ఆ సభకు ఏ చట్టమూ అడ్డు కాదు.

దారి వెతికేవాళ్లు వ్యసనవిముక్తి కోసం కేంద్రం నడిపే 14446కు గానీ, మానసిక సాయం అందించే టెలీమానస్ 14416కు గానీ ఉచితంగా ఫోన్ చేయవచ్చు. దగ్గర్లో మీటింగ్ లేకపోతే మానదలచినవాళ్లు ఇద్దరు ముగ్గురు కలిసినా అది గ్రూపే అని ఆల్కహాలిక్స్ అనానిమస్ సంప్రదాయం చెబుతోంది. మన్యం పల్లెలన్నీ కలిసే సంతరోజున, బడి గదిలో, కోయభాషలో ఆ మీటింగ్ పెడితే బస్సు ఖర్చు కలిసొస్తుంది, మాటా కలుస్తుంది. నా చుట్టూ చేరడం ఎరిగిన ఊళ్లకు నేను లేకుండా చేరడం చేతకాని పనేమీ కాదు. మొదటి ఇద్దరికి ఊరు అండగా నిలబడితే మూడోవాడు తానే వస్తాడు.