లండన్ దగ్గర, అమలాపురం దూరం

చెన్నై దగ్గర తయారయ్యే హిమాలయన్ 450 బైకు సముద్రం దాటి బ్రిటన్ చేరితే, అక్కడి డీలరే కాగితాలు నడిపి నంబరు తగిలించి ఇస్తాడు. అదే బండిని హైదరాబాద్‌లో కొని అమలాపురం తెచ్చుకుంటే మాత్రం, రాష్ట్రం విడిపోయిన 2014 జూన్ 2 నుంచి అదీ విదేశీ సరుకే. ఇక్కడ ఏడాది దాటితే మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ కొత్త నంబరు తీసుకోమని తలుపు తడుతుంది. హైదరాబాద్ నుంచి ఎన్‌వోసీకి 28వ ఫారం, దానికి ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దిన అచ్చు, ఇక్కడ 27వ ఫారం, బండి వయసు లెక్కగట్టి మళ్లీ లైఫ్ ట్యాక్స్. అక్కడ కట్టింది వెనక్కి రాబట్టుకోవడానికి వేరే అర్జీ.

పన్ను రాష్ట్రానిది, దొంగబళ్లకు అడ్డుకట్ట ఉండాలిగా అంటారు. ఉండాల్సిందే. మరి 2021లో వచ్చిన బీహెచ్ సిరీస్ బళ్లు రెండేళ్లకోసారి పన్ను కట్టి దేశమంతా తిరుగుతున్నాయి, అవన్నీ దొంగబళ్లా? ఆ భాగ్యం సర్కారు ఉద్యోగికీ, నాలుగు రాష్ట్రాల్లో ఆఫీసులున్న కంపెనీవాడికీనట. సొంత కొట్టు పెట్టుకున్న రాజోలు కుర్రాడికి లేదు. కొండలేని కోనసీమలో హిమాలయన్ ఎందుకని నవ్వేవాళ్లు వరద తీసిన లంక రోడ్లు చూసినట్టు లేరు. ఆ బురదలో 230 మిల్లీమీటర్ల గ్రౌండ్ క్లియరెన్సు సోకు కాదు, అవసరం. సఖినేటిపల్లి రేవులో బండిని పంటు ఎక్కిస్తే టికెట్టు కొట్టేవాడు మాత్రం ఏ రాష్ట్రం నంబరని అడగడు.