చూసే అదృష్టం

2023 మే 28. ఎన్టీఆర్ నూరో పుట్టినరోజు. గుడివాడలో మా పెదనాన్న ఇంట్లో పిల్లా పెద్దా అందరం టీవీ ముందు చేరాం. 'పాతాళ భైరవి' వస్తోంది.

పెదనాన్న హైస్కూల్లో సోషల్ పాఠాలు చెప్పి రిటైరయ్యారు. సినిమా ఒకపక్క సాగుతుంటే ఆయన పాఠం ఇంకోపక్క సాగుతోంది.

"ఆ తోటరాముడు మన నిమ్మకూరు వాడర్రా. 1983లోనూ, 1985లోనూ మన గుడివాడ నుంచే ఎమ్మెల్యేగా గెలిచాడు. ఆ బాణీలు కట్టిన ఘంటసాల పుట్టింది ఇక్కడే, చౌటపల్లిలో. మాటలూ పాటలూ రాసిన పింగళి నాగేంద్రరావు బందరు జాతీయ కళాశాలలో చదివాడు. అక్కడి నాటక కంపెనీకి నాటకాలు రాసి చెయ్యి తిరిగినవాడు. నేపాళ మాంత్రికుడున్నాడే, యస్వీ రంగారావు, ఆయన పుట్టింది నూజివీడు. 1951లో విజయా వాళ్లు మద్రాసులో తీస్తే తీశారు గానీ, సగం సినిమా మన కృష్ణా జిల్లాదే!"

"మరి ఆ పెద్దావిడ ఎవరు తాతయ్యా?" అంది పెదనాన్న మనవరాలు.

"ఆవిడా? తోటరాముడి తల్లి" అని, ఆయన మళ్లీ మాంత్రికుడి దగ్గరికి వెళ్లిపోయారు.

గుమ్మం పక్కన మడతమంచం మీద నాయనమ్మ కూర్చుని ఉంది. ఆవిడకు ఎనభై దాటాయి. అంతసేపూ మాట్లాడకుండా సినిమా చూస్తున్న మనిషి అప్పుడు నోరు విప్పింది.

"ఒరే అబ్బాయ్, ఇంతమంది గురించి చెప్పావు. తెలుగు టాకీల్లో మొట్టమొదటి హీరోయిన్ ఎవరో కూడా చెప్పు పిల్లలకి."

పెదనాన్న సర్దుకుని కూర్చున్నారు. ఆయనకు ఇష్టమైన ప్రశ్న అది.

"సురభి కమలాబాయి! మన తొలి టాకీ 'భక్త ప్రహ్లాద'లో లీలావతి, అంటే ప్రహ్లాదుడి తల్లి. హెచ్.ఎం.రెడ్డి గారు బొంబాయిలో తీశారు. 1932 ఫిబ్రవరి 6న విడుదలైంది. హిరణ్యకశిపుడు మునిపల్లె సుబ్బయ్య. తర్వాత ఎంతో పెద్దవాడైన ఎల్వీ ప్రసాద్ కూడా అందులో చిన్న వేషం వేశాడు."

"మొదటి సినిమాకి ఆవిణ్ణే ఎందుకు తీసుకున్నారు?" అన్నాడు ఇంకో మనవడు.

"మంచి మాట అడిగావురా. అప్పట్లో నాటకాల్లో ఆడవేషాలు చాలావరకు మగవాళ్లే వేసేవాళ్లు. మన రామాపురం అక్కినేని నాగేశ్వరరావు కూడా కుర్రతనంలో ఆడవేషాలతోనే పేరు తెచ్చుకున్నాడు. సురభి వాళ్ల పద్ధతి వేరు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు గారు 'కీచక వధ' ఆడించారు. అలా మొదలైన సమాజం అది. కుటుంబాలకు కుటుంబాలే రంగం ఎక్కేవి. ఆడవేషం ఆడవాళ్లే వేసేవాళ్లు. అలాంటి ఇంట్లో పుట్టింది కమలాబాయి. వాళ్లమ్మ దమయంతి వేషంలో ఉండగా స్టేజీ మీదే నొప్పులొచ్చి ఈవిణ్ణి కన్నదనీ, అదీ నాటకంలో భాగమే అనుకుని జనం చూస్తూ ఉండిపోయారనీ చెప్పుకుంటారు. నడక వచ్చినప్పటి నుంచీ ఆవిడకు స్టేజీయే బడి."

టీవీ సౌండు తగ్గించి ఇంకా చెప్పారు.

"ఇంకో సంగతి. ఇప్పటిలా పాట ముందు రికార్డు చేసుకుని పెదవులు కదిపే పద్ధతి అప్పటికి రాలేదు. కెమెరా తిరుగుతుండగానే నటించాలి, అప్పుడే పాడాలి. వాద్యాలవాళ్లు కెమెరా కంటబడకుండా కూర్చుని వాయించేవాళ్లు. పాడేవాళ్ల గొంతు తప్పితే షాటు మళ్లీ మొదటికి వచ్చేది. మైకు లేకుండా డేరా చివర కూర్చున్నవాడికి కూడా వినపడేలా పద్యం పాడి, మాట చెప్పి అలవాటైన నటి కావాలి. అలాంటి ఆడమనిషి సురభిలో కాక ఇంకెక్కడ దొరుకుతుంది? అదే ఏడాది సాగర్ కంపెనీ వాళ్లు 'పాదుకా పట్టాభిషేకం', 'శకుంతల' తీశారు. వాటిలో సీత ఆవిడే, శకుంతల ఆవిడే. తెలుగులో వచ్చిన మొదటి మూడు టాకీల్లోనూ నాయిక ఆవిడేనర్రా! తర్వాత కొన్నేళ్లు బొంబాయిలోనే ఉండి హిందీ సినిమాల్లో కూడా వేసింది."

"ఎలా ఉండేది తాతయ్యా ఆవిడ?" అంది మనవరాలు.

పెదనాన్న ముఖం చిన్నబోయింది. కళ్లజోడు తీసి కండువాతో తుడుచుకున్నారు.

"ఏం చెప్పనమ్మా! 'భక్త ప్రహ్లాద' ప్రింటు ఒక్కటి కూడా మిగల్లేదు. మన భాష మొట్టమొదటిసారి తెర మీద మాట్లాడిన సినిమాని మనం దాచుకోలేకపోయాం. పుస్తకాల్లో నాలుగు ముక్కలు చదువుకోవడమే గానీ, ఆ తల్లి నడకా, ఆ మాటా కళ్లారా చూసే అదృష్టం మా తరానికే లేకపోయింది. ఇక మీకెక్కడిది?"

ఆయన గొంతులో బాధ నిజమైనదే. ఎవరమూ మాట్లాడలేదు.

"నేను చూశానురా" అంది నాయనమ్మ.

"నువ్వెక్కడ చూశావమ్మా? ఆ సినిమా వచ్చేనాటికి నువ్వు పుట్టనే లేదు."

"మా అమ్మ చూపించింది. సురభి వాళ్ల నాటకాలంటే మా అమ్మకి ప్రాణం. ఎక్కడ డేరా వేశారని తెలిసినా అన్నం మూట కట్టుకుని బండెక్కేది. నాకు పన్నెండేళ్లప్పుడు సినిమాకి తీసుకెళ్లి, 'అదిగో, కమలాబాయి!' అని వేలు పెట్టి చూపించింది. హాల్లో జనమంతా హీరోని చూస్తుంటే మా అమ్మ ఒక్కతే ఆవిణ్ణి చూసి కళ్లు తుడుచుకుంది. 'శకుంతలగా వేసిన మనిషే' అని నాతో అన్నది నాకింకా గుర్తు."

"ఏ సినిమా అమ్మా అది?" పెదనాన్న కుర్చీ ముందుకు జరుపుకున్నారు. "ఎలాగైనా సంపాదించి చూద్దాం."

నాయనమ్మ ఆ మాటకు జవాబు చెప్పలేదు. ఎదురు ప్రశ్న వేసింది.

"'పాతాళ భైరవి' ఎన్నిసార్లు చూసి ఉంటావురా?"

"లెక్కేముందమ్మా! చిన్నప్పటి నుంచీ చూస్తూనే ఉన్నాను. మొదటి నుంచి చివరి దాకా డైలాగులన్నీ కంఠతా వచ్చు."

"అయితే ఆవిణ్ణి అన్నిసార్లూ చూశావన్నమాట. ఇందాక పిల్ల అడిగింది కదా, ఆ పెద్దావిడ ఎవరని? ఆవిడేరా కమలాబాయి."

1932లో తెలుగు టాకీకి తొలి నాయిక అయిన సురభి కమలాబాయి 1951లో తోటరాముడి తల్లి కాంతమ్మ. 'భక్త ప్రహ్లాద' పోయింది కానీ 'పాతాళ భైరవి' ఇవాళ్టికీ ప్రతి ఇంటికీ వస్తోంది. ఈసారి అది చూసేటప్పుడు మీ పిల్లలు ఆ తల్లి ఎవరని అడిగితే తోటరాముడి తల్లి అని సరిపెట్టకండి. ఆవిడ పేరు చెప్పండి.