పేరు చెప్పొద్దన్న సహోదరుడు

మా ఊరి మందిరంలో ఎనిమిది సీలింగు ఫ్యాన్లున్నాయి. ప్రతి ఫ్యానుకూ మూడు రెక్కలు. ఒక రెక్క మీద దాత పేరు, రెండో దాని మీద ఎవరి జ్ఞాపకార్థమో ఆ పేరు, మూడో దాని మీద "దేవునికే మహిమ". అన్నీ ఎర్ర పెయింటుతో రాయించినవే. ఫ్యాను తిరిగితే మూడూ కలిసిపోయి ఒకటే ఎర్రటి చక్రం కనిపిస్తుంది, మహిమలో ఎవరి వాటా ఎంతో తేలదు. అందుకే ఎండాకాలంలో కరెంటు పోయి సంఘమంతా పాటల పుస్తకాలతో విసురుకుంటుంటే దాతలు మాత్రం ప్రశాంతంగా తలెత్తి పైకి చూస్తుంటారు. కొత్తవాళ్లు అది భక్తి అనుకుంటారు.

ఇది మోటు పద్ధతి, పాతకాలంది. ఇప్పుడు సంఘాల్లో వినయం బాగా పెరిగింది. కానుకలు పట్టడం అయ్యాక అయ్యగారు మైకు సవరించుకుని ఇలా అంటారు: "మన ప్రహరీ గోడకు యాభై వేలు ఇచ్చిన సహోదరుడు తన పేరు చెప్పొద్దని మరీ మరీ బతిమాలారు. వారి మాట కాదనలేక చెప్పడం లేదు. వారినీ, మొన్ననే గల్ఫ్ నుంచి వచ్చిన వారి పెద్దబ్బాయినీ, బస్టాండు పక్కన కొత్తగా పెట్టిన వారి సిమెంటు కొట్టునూ దేవుడు దీవించును గాక." మా ఊళ్లో సిమెంటు కొట్టు ఉన్నదే ఒకటి. మూడో వరస బెంచీలో ఒకాయన మెల్లగా తల వంచుకుంటాడు. చివరి వరసకి కూడా కనిపించేలా తల వంచడం అందరికీ వచ్చే విద్య కాదు. పేరు చెబితే ఒక్కసారి వినిపించి ఊరుకునేది. చెప్పొద్దన్నందుకు మధ్యాహ్నం భోజనాల దాకా ఆ పేరే నడుస్తుంది.

కొండమీద ప్రసంగంలో యేసు ఈ తగవు ఎప్పుడో తీర్చేశాడు. ధర్మం చేసేటప్పుడు బూర ఊదించుకోవద్దన్నాడు. ఒక చెయ్యి చేసే పని రెండో చేతికి తెలియనివ్వద్దన్నాడు. మత్తయి ఆరో అధ్యాయం, మొదట్లోనే ఉంటుంది, వెతుక్కోనక్కర్లేదు. బూర మాట ఎందుకు వచ్చిందో గాని, యెరూషలేము దేవాలయంలో కానుకలకు పదమూడు పెట్టెలుండేవనీ, అవి బూర ఆకారంలో ఉండేవనీ యూదుల మిష్నాలో ఉంది. అలాంటి దాంట్లో ఆసామి ఒకడు గుప్పెడు నాణేలు పోస్తే ఎంత మోత మోగుతుందో ఊహించుకోండి. బీద విధవరాలు వేసిన రెండు కాసులూ ఆనాటి నాణేల్లో అన్నిటికన్నా చిన్నవి. వాటి చప్పుడు ఎదురుగా కూర్చుని గమనిస్తున్న యేసుకు తప్ప ఎవరికీ పట్టి ఉండదు.

పోయినేడు పట్నంలో ఒక మందిరానికి వెళ్లాను. కానుకల పెట్టె పక్కన క్యూఆర్ కోడు, దాని పక్కన కిరాణా కొట్లలో ఉండే మాట్లాడే డబ్బా. మౌన ప్రార్థన నడుస్తోంది. "ఐదు వందల రూపాయలు అందాయి" అందా డబ్బా, ఆడగొంతుతో. కాసేపటికి "వెయ్యి నూట పదహారు రూపాయలు అందాయి". బాప్తిస్మం తీసుకున్నా మనవాళ్లకి నూట పదహార్ల మీద మమకారం పోలేదు. ఆ వెంటనే "పది రూపాయలు అందాయి". కళ్లు మూసుకుని ఉండాల్సిన వాళ్లలో అరడజను మంది తలలు తిప్పారు. కిటికీ పక్కన ఒకావిడ ఫోను కొంగు కిందికి లాక్కుంది. రెండు వేల ఏళ్ల కిందట రెండు కాసులు వేసిన ఆవిడకు ఆ డబ్బా బాధ లేదు, అదృష్టవంతురాలు.

కోత పండగ వేలంపాట చూడనివాళ్లు దాతృత్వం గురించి మాట్లాడకూడదని నా అభిప్రాయం. ధాన్యం బస్తాలు, అరటి గెలలు, కాళ్లు కట్టేసిన పుంజులు, కొబ్బరి మొక్కలు ఆ రోజు బలిపీఠం ముందు పోగుపడతాయి. ఇచ్చినవాళ్లు ఇంట్లో ఉన్నది ఇస్తారు. దాంట్లో పేరు పెట్టడానికి ఏమీ లేదు. పేరొచ్చేది వేలంలో. మా వీధి చివరి మామ్మ తన పాదుకు కాసిన మొదటి సొరకాయ తెచ్చింది. బజార్లో ముప్పై రూపాయల సరుకు. "ప్రభువు సొరకాయ! వంద ఒకటోసారి!" అని ట్రెజరర్ గారు ఎత్తుకున్నారు. వచ్చే ఎన్నికల్లో సర్పంచికి నిలబడే ఆలోచనలో ఉన్నాయన రెండొందలన్నాడు. ఆయనకూ ఆయన తోడల్లుడికీ మూడేళ్లుగా మాటల్లేవు. తోడల్లుడు ఐదొందలన్నాడు. ఇక సొరకాయను చూసినవాడు లేడు. వెయ్యి, రెండు వేలు, నాలుగు వేల ఐదొందలు. ఏడు వేల దగ్గర తోడల్లుడి భార్య మొగుడి చొక్కా పట్టుకుని లాగింది గాని, లేకపోతే పొలం రాసిచ్చేవాడే. చప్పట్లు, స్తోత్రాలు. గెలిచినాయన సొరకాయను చంటిబిడ్డలా భుజానేసుకుని ఫొటో దిగాడు. "లేతది నాయనా, ఇయ్యాలే వండించుకో, రేపటికి ముదురుద్ది" అంది మామ్మ. ఆయనకు వినిపించలేదు. వినిపించినా ఆ సొరకాయతో ఆయనకు పనేముంది? అది అయ్యగారి అరుగు మీదే వారం రోజులు పడుండి ముదిరింది.

ఆ ఏడు వేలూ ఇంతవరకు రాలేదు. ట్రెజరర్ గారి పుస్తకంలో "రావలసినవి" కింద, నిరుటి పుంజుకూ అంతకుముందటి గుమ్మడికాయకూ తోడుగా ఉన్నాయి. అపొస్తలుల కార్యాల్లో అననీయ, సప్పీరా అని మొగుడూ పెళ్లాలు పొలం అమ్మి, కొంత దాచుకుని, ఉన్నదంతా తెచ్చామని చెప్పి పేతురు ముందు కూలిపోయి ప్రాణాలొదిలారు. ఆ పద్ధతి ఇంకా అమల్లో ఉంటే కోత పండగ మర్నాడు మా ఊళ్లో పెట్టెలు చేసే వడ్రంగికి అన్నం తినే తీరిక దొరకదు.

వెయ్యి ఇస్తే నూరంతలు తిరిగొస్తుందనే టీవీ ప్రసంగాల జోలికి నేను పోను. అది దానం కాదు, చిట్టీ. చిట్టీల వాళ్లకు వేరే చట్టాలున్నాయి.

డిసెంబరు దుప్పట్ల సంగతి మాత్రం చెప్పాలి. మా గుంటూరు చలికి దుప్పటి ఏ మాత్రం అవసరమో అందరికీ తెలుసు, ఫొటోకి మాత్రం తప్పనిసరి. దుప్పటి ఒకటి, పట్టుకున్న చేతులు పదకొండు. పుచ్చుకునే ముసలమ్మ పొద్దున పది నుంచి ముఖ్య అతిథి కోసం ఎండలో కూర్చుని ఉంది. "ఇటు చూడమ్మా, నవ్వమ్మా" అన్నారు. ఫొటోలో ఎమ్మెల్యే గారి మనిషి కళ్లు మూతపడ్డాయని దుప్పటి వెనక్కి తీసుకుని మళ్లీ ఇచ్చారు. ఒకే దుప్పటిని ఒకే మనిషికి రెండుసార్లు దానం చేసిన ఘనత మా మండలానిదే. అడిగితే, ఆ కొండమీద ప్రసంగంలోనే మత్తయి అయిదో అధ్యాయం ఉందిగా, మీ వెలుగు మనుషుల ముందు ప్రకాశించాలన్నాడుగా అంటారు. అన్నాడు. చూసినవాళ్లు పరలోకమందున్న తండ్రిని పొగడాలనీ అన్నాడు. ఫ్లెక్సీలో ఎవరి తల పెద్దదో టేపు పెట్టి కొలిస్తే ఎవరిని పొగడమంటున్నారో తెలిసిపోతుంది.

1876-78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో ఒక ముక్క తవ్వకం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో వచ్చినవాళ్లకు పని ఇచ్చి కూలి ఇచ్చాడు. వాళ్లలో వేలమంది బాప్తిస్మం ఇమ్మని అడిగారు. కరువు సాయం నడిచినంత కాలం, నెలల తరబడి, ఆయన ఇవ్వనన్నాడు. గంజి కోసం చేరారన్న మాట రాకూడదని. ఆ తరవాత 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఈ అంకె మా ఆదివారపు బడి పిల్లలకు కూడా కంఠతా వచ్చు. కాదన్న నెలలు ఎన్నో అడగండి, పెద్దవాళ్లే దిక్కులు చూస్తారు. కాదన్నదాన్ని ఫ్లెక్సీ మీద ఎలా వేస్తారు పాపం.

మా అమ్మ పొయ్యి మీద ఎసరు పెట్టి, కొలిచిన బియ్యంలోంచి ఒక గుప్పెడు తీసి మూలనున్న డాల్డా డబ్బాలో వేసేది. పూటకో గుప్పెడు. శనివారం రాత్రికి ఆ డబ్బా సంచిలోకి, ఆదివారం సంచి మందిరంలో గోనె బస్తాలోకి. బస్తాలో పడ్డాక మా బియ్యం ఏవో, ఏడెకరాల వాళ్ల బియ్యం ఏవో దేవుడే చెప్పాలి. ఆ బియ్యం వండుకు తిన్న అయ్యగారికి ఎవరికి ఎక్కువ వందనాలు చెప్పాలో తెలిసేది కాదు. వ్యవస్థలో లోపం అదే. అందుకే కాబోలు, మా ఊళ్లో ఆ బస్తా ఎత్తేశారు.

ఇంతా చెప్పి నా సంగతి దాచడం అననీయ లక్షణం అవుతుంది. నాన్న పోయిన ఏడాదికి మందిరానికి గోడ గడియారం ఇచ్చాను. డయలు మీద పైన నాన్న పేరు, కింద కుమారుడని నా పేరు, నా డిగ్రీ. చోటు చాలడం లేదు సార్ అన్నాడు రాసే కుర్రాడు. ఆరు అంకె తీసెయ్యమన్నాను. ఆరెక్కడుంటుందో అందరికీ తెలిసిందేగా.

మూడు నెలల కిందట అది నాలుగూ ఇరవైకి ఆగిపోయింది. ఆగిన గడియారం కింద ప్రసంగాలు గంటన్నర సాగాయి. గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుంటూ ఒక్కొక్కరే "మీ నాన్నగారు ఆగిపోయారండీ" అనడం మొదలుపెట్టారు. పోయిన శనివారం చీకటిపడ్డాక వెళ్లి, బెంచీ ఎక్కి, సెల్లు మార్చి వచ్చాను. ఇంట్లో కూడా చెప్పలేదు. చెప్పకూడదని గట్టిగా అనుకున్నాను.

ఆదివారం గడియారం తిరుగుతోంది. ప్రసంగం నలభై నిమిషాల్లో ముగిసింది. "ప్రభువు కృప చూడండి, గడియారం దానంతటదే నడుస్తోంది" అని అయ్యగారు మైకులో స్తోత్రం చెప్పారు. అందరూ హల్లెలూయా అన్నారు. నేను మూడో వరసలో మెల్లగా తల వంచుకున్నాను. ఒక్కరూ చూడలేదు. చివరి వరస దాకా కనిపించేలా ఇంకాస్త వంచాను. అయినా ఎవరూ చూడలేదు.

ఇంటికొచ్చి ఈ వ్యాసం రాశాను.