వేలు, తీగ, బాణం: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యం

ఆ. వేలు కదపగానె వెర్రెక్కి దూకును
బాణ మిటకు నటకు పరుగు పెట్టు
తీగ పెరికి చూడు తిన్నగా నడచునో
దోష మెవరి దనుట తోచు నపుడు

అవతారిక: నాయకుడు ల్యాప్‌టాప్ ముందు నెల లెక్కలతో కూర్చున్నాడు. ఒక గడి మీద నొక్కబోతే కర్సరు నాలుగు గడుల అవతల తేలింది. సేవ్ అనబోతే డిలీట్ తగిలింది. దైవాన్ని, కంపెనీని, చివరికి తన వేలిని తిట్టుకుంటున్న అతనితో సఖుడు పలికిన పద్యమిది. సఖుడు మెకానిక్కు కాడు గనుక రుసుము అడగలేదు.

ప్రతిపదార్థం: వేలు = చూపుడువేలిని; కదపగానె = టచ్‌ప్యాడ్ మీద ఇంచుక జరిపినంతనే; బాణము = తెరమీది కర్సరు (రామబాణం కాదు, దీనికి గురి లేదు); వెర్రెక్కి = అదుపు తప్పినదై; దూకును = గెంతును; ఇటకున్ అటకున్ పరుగు పెట్టున్ = స్పష్టము; తీగ = చార్జరు తీగను (మల్లెతీగ అన్న వ్యాఖ్య అనాదరణీయం); పెరికి = ఊడదీసి (పిన్ను వంగేలా లాగమని కాదు, గణం కోసం పడిన మాట); చూడు = మళ్లీ వేలు జరిపి పరీక్షింపుము; తిన్నగా నడచునో = కుదురుగా కదిలెనేని; అపుడు = ఆ సమయమున; దోషము ఎవరిది అనుట = తప్పెవరిదన్న సంగతి; తోచున్ = తెలియును.

తాత్పర్యం: కర్సరు గెంతుతుంటే ముందుగా చార్జరు తీసి, బ్యాటరీ మీద నడిపి చూడాలి.

విశేషాలు: ‘దేనిది’ అనక ‘ఎవరిది’ అనడం ఎందుకు? అది తెలియాలంటే ముందు టచ్‌ప్యాడ్ సంగతి తెలియాలి. వెనకటి ల్యాప్‌టాప్‌లలో కర్సరు కదపడానికి బంతి దొర్లేది. దానికి దుమ్మే శత్రువు. 1994లో ఆపిల్ పవర్‌బుక్ 500 వరసలో బంతి పోయి టచ్‌ప్యాడ్ పలక వచ్చింది. దాని కింద అడ్డంగా, నిలువుగా సన్నని లోహపు గీతల వల ఉంటుంది. వేలు దగ్గరికి వస్తే ఆ గీతల మధ్య కెపాసిటెన్స్ రవ్వంత మారుతుంది, మహా అయితే ఒక పికోఫారడ్‌కు అటూ ఇటూ. మార్పు కనిపించిన చోట్లకు సగటు కట్టి, వేలు ఫలానా చోట ఉందని లోపలి చిప్ తేలుస్తుంది. అంటే మనిషి కూడా ఆ సర్క్యూట్‌లో భాగమే.

గోడలోని 230 వోల్టులను చార్జరు సెకనుకు వేలాది సార్లు తెంపి కలుపుతూ దించుతుంది. ఆ రొద కొంత యంత్రంలోకి జారుతుంది. ఎర్త్ తీగ ఉంటే అటు పోతుంది. లేకుంటే వేలి లెక్కలో కలిసి సగటును చెడగొడుతుంది. లోహపు మూత మీద మణికట్టు ఆనితే చిమచిమలాడటం, రెండో చేత్తో ఆ లోహాన్ని పట్టుకోగానే కర్సరు కుదుటపడటం దీనికి గుర్తులు. గుర్తులే, చికిత్స కాదు. మూడు కన్నాల సాకెట్ బిగించి, మూడోదాని వెనక ఏ తీగా కలపకుండా అద్దెకిచ్చే ఇళ్లు మనకు కొత్త కాదు. కవి ‘ఎవరిది’ అన్నది ఆ ఇంటాయనను ఉద్దేశించే. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్త్ చూపించాలి. అందాకా చార్జింగు అయ్యాక తీగ తీసి పని చేసుకోవడమే.

పూర్వపక్షం: ‘దోషం డ్రైవరుది’ అని దుకాణ సంప్రదాయం. అప్‌డేట్ పడిన మర్నాడే గెంతు మొదలైతే డివైస్ మేనేజర్‌లో పాత డ్రైవరుకు మళ్లడం సబబే. కాని చార్జరు పెడితే వచ్చి, తీస్తే పోయే డ్రైవరు రోగాన్ని ఈ వ్యాఖ్యాత ఎరుగడు. టచ్‌ప్యాడ్‌ను ఆపి యూఎస్‌బీ మౌస్ తగిలించినా గెంతు అలాగే ఉంటే మాత్రం టచ్‌ప్యాడ్ నిర్దోషి, కంప్యూటరే కుంటుతోంది.

పాఠాంతరం: కొన్ని ప్రతుల్లో ‘బాణ’కు బదులు ‘ప్రాణ’ అని ఉంది. ఆన్‌లైన్ పరీక్ష రాసేవారి ప్రతులై ఉంటాయి.

చెమట: మే నెల బెజవాడలో తీగ పెరికినా గెంతు పోకపోవచ్చు. పలకకు చెమట చుక్క కూడా ఒక వేలే. యంత్రం ఆపి, మెత్తని పొడిగుడ్డతో తుడవాలి. అరచెయ్యి ఆనుతుంటే సెట్టింగ్స్‌లో సెన్సిటివిటీ తగ్గించాలి.

అపవాదం: ఆటవెలదికి నాలుగే పాదాలు గనుక కవి ఈ మినహాయింపును వదిలేశాడు. పలక అంచు పైకి లేచి, నొక్కు బిగుసుకుపోయిందంటే కింద లిథియం బ్యాటరీ ఉబ్బి ఉండవచ్చు. అప్పుడు పలకను అదిమి సరిచేయరాదు, బ్యాటరీని గుచ్చరాదు, మళ్లీ చార్జింగు పెట్టరాదు. యంత్రం ఆపేసి, తెలిసినవారి చేత బ్యాటరీ మార్పించాలి.