అమిటీవిల్ పద్యానికి టీకా తాత్పర్యం

మూలం:
చవక ధరకు నిల్లు చక్కగ దొరికెను
చలికి కట్టె కొట్టె చాలినంత
ఈగ లెగిరె దిగువ నెఱ్ఱని గది యుండె
ఇల్లు వదలి పారి రింతె కథయు

టీక: చవక ధరకున్ = 80,000 డాలర్లకు; ఇల్లు = న్యూయార్క్ రాష్ట్రం, లాంగ్ ఐలాండ్, అమిటీవిల్‌లో రెండు కళ్లలాంటి కిటికీలున్న ఇల్లు; చక్కగ దొరికెను = 1974 నవంబరులో ఒక కొడుకు తల్లిదండ్రులనూ నలుగురు తోబుట్టువులనూ అక్కడే కాల్చి చంపాడు గనుక బేరం కుదిరెను; చలికి = ఎంత మంట వేసినా తగ్గని చలికి; కట్టె కొట్టె = ఇల్లు కొన్న జార్జి లట్జ్ వేషంలోని జేమ్స్ బ్రోలిన్ కట్టెలు కొట్టెను; చాలినంత = ప్రేక్షకుడు ‘చాలు బాబూ’ అనేంత; ఈగలు = నిజంగా ఈగలే, శ్లేష లేదు; దిగువన్ = సెల్లార్ గోడ వెనక; పారిరి = లట్జ్ దంపతులు చెప్పుకున్న ప్రకారం 28 రోజులకు పరుగెత్తిరి; ఇంతె కథయు = దాదాపు రెండు గంటలు.

తాత్పర్యం: ‘ది అమిటీవిల్ హారర్’ (1979)లో దయ్యం కంటే గొడ్డలికే ఎక్కువ పని.

విశేషాలు: ‘కట్టె, కొట్టె’ అనగానే రామాయణం స్ఫురించడం సహజం. అక్కడ ‘తెచ్చె’ అని మూడోది ఉంది. ఇక్కడ పెళ్లాం పిల్లలను బండెక్కించాక నాయకుడు వెనక్కి పరుగెత్తి, నల్లటి బురదగుంటలో పడి లేచి, తెచ్చినది కుక్కను.

రాడ్ స్టైగర్ పాత్ర ఫాదర్ డెలానీ. ఇంటిని దీవించబోతే ఈగలు ముసురుతాయి, బయటికి పొమ్మని ఒక గొంతు గద్దిస్తుంది. ఆపైన ఆయన ఫోను చేస్తే లైను కలవదు, ఆయన కథా ఈ కథా కూడా కలవవు. స్టైగర్ మాత్రం రెండు కథలకు సరిపడా అరిచాడు.

రసవిచారం: రసం భయానకమని పోస్టరు మతం. స్టీఫెన్ కింగ్ ‘డాన్స్ మకాబ్రే’ (1981)లో ఇది ఇంటి ఖర్చుల భయమన్నాడు. ఆ మతమే గ్రాహ్యం. బావమరిది పెళ్లి భోజనాలవాళ్లకు ఇవ్వాల్సిన 1,500 డాలర్లు కోటు జేబులోంచి మాయమవుతాయి. సినిమా మొత్తంలో నా గుండె జారింది ఆ ఒక్కచోటే. పిల్లలు ముగ్గురూ జార్జి భార్య కేథీ మొదటి పెళ్లివాళ్లు. జార్జి వాళ్లకింకా నాన్న కాలేదు. అప్పు తీరదు, పిల్లలు దగ్గరికి రారు, చేతనైన పని కట్టెలు కొట్టడం. అతనికి పట్టింది దయ్యం కాదు, నెలవాయిదా. కేథీ వేషంలోని మార్గో కిడర్ ముఖంలో ఆ దిగులు కనిపిస్తూనే ఉంటుంది. ఇంత సరుకు చేతిలో ఉండగా దర్శకుడు స్టూవర్ట్ రోజెన్‌బర్గ్ గోడలమీద నెత్తురు కార్పిస్తాడు. ‘కూల్ హ్యాండ్ ల్యూక్’ (1967) తీసినవాడేనా ఈయన అని సంశయం. సమాధానం: అవును, ఆయనే.

పాఠాంతరం: దయ్యాల కథను లట్జ్ దంపతులతో కూర్చుని, వైన్ సీసాల నడుమ తామే అల్లామని హంతకుడి తరఫు లాయరు తర్వాత చెప్పాడు. జార్జి లట్జ్ చివరిదాకా ఒప్పుకోలేదు. సీసాల పాఠం ప్రక్షిప్తమో, మూలమే ప్రక్షిప్తమో విజ్ఞులు తేల్చుకోవాలి.

ఫలశ్రుతి: ఈ పద్యం పఠించినవారికి 1982లో రెండో భాగం, 2005లో రీమేక్ కలిగెను. ఆ ఇల్లు తర్వాత కొన్నవారికి దయ్యాలు కనబడలేదు గాని, చూడవచ్చే జనం తాకిడి ఎక్కువైంది. అందుచేత కళ్లలాంటి కిటికీలు పోయెను, ఇంటి నంబరు మారెను.