సినిమాకు అవార్డొచ్చిన పొద్దు ఎట్లుండాల

ముందే చెప్తున్నా, సినిమా చూసుండాల్సిన పనేమీ లేదు. చూసినోళ్లే అవార్డుల పొద్దున ఎక్కువ ఇబ్బంది పడతారు. ఉన్నదున్నట్టు గుర్తొచ్చి నోరు తడబడుతుంది. చూడనోళ్లకు ఆ బాధ లేదు, ఎంత గట్టిగానైనా మాట్లాడొచ్చు.

లేవడం దగ్గర మొదలుపెడదాం. ఆస్కార్ వాళ్లు లాస్ ఏంజెలెస్‌లో ఆదివారం సాయంత్రం సభ పెట్టుకుంటే మా ఎమ్మిగనూరులో సోమవారం పొద్దున. 2023లో అది అయిదున్నర. ఆ ఏడు మార్చి 13న నేను చేసినట్టు చేయండి: కొళాయి కింద బిందె, పక్కన బండ మీద ఫోను. బిందె నిండి పొర్లినా కదలొద్దు. మీ ఫోనులో దీపికా పదుకొణె 'ఆర్‌ఆర్‌ఆర్'లోని 'నాటు నాటు' పాట గురించి చెప్పబోయి, నోరు తెరిచింది తెరిచినట్టే బిగుసుకుపోయి ఉంటుంది. మధ్యలో చక్రం తిరుగుతుంటుంది. ఎదురింటి పిల్లోడి ఫోను మీదానికంటే నిమిషం ముందే ఉంటుంది. "వచ్చెప్పా!" అని వాడు అరిస్తే మీరు ఉలిక్కిపడొద్దు. "నాకు రాత్రే తెలుసులే" అనాల.

తర్వాత వ్యాకరణం. కీరవాణికి వచ్చింది, చంద్రబోస్‌కు వచ్చింది అంటే తప్పు. "మనకొచ్చింది" అనాల. బాణీ కట్టింది కీరవాణి, రాసింది చంద్రబోస్, పాడింది రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ, అడుగులు కూర్చింది ప్రేమ్ రక్షిత్, ఎన్టీఆర్, రామ్‌చరణ్ ఆడింది కీవ్‌లో ఉక్రెయిన్ అధ్యక్షుడి భవనం ముందర. ఇందులో నా వంతు ఒక బాల్కనీ టికెట్టు, రెండు ఈలలు. ఐనా 'మన' అనేటప్పుడు గొంతు కొంచెం జీరపోవాల. అద్దం ముందు రెండుసార్లు అనుకుంటే అదే వస్తుంది.

ఇంక ఉగ్గాని కొట్టు దగ్గరికి పోవచ్చు. సంతోషాన్ని రెండు బజ్జీలు అయిపోయేంతకంటే ఎక్కువసేపు ఉంచుకోవద్దు, చల్లారితే ఏదీ బాగుండదు. మూడో బజ్జీకి కోపంలోకి దిగాల. కారణం దొరకలేదని దిగులొద్దు. ఆ ఏడు మన దేశం తరఫున పంపింది గుజరాతీ 'ఛెల్లో షో'ను, 'ఆర్‌ఆర్‌ఆర్' వాళ్లు సొంతంగా పోటీకి దిగినారు. ఈ ఒక్క ముక్కతో అరగంట గడుస్తుంది. అది చాలకపోతే ఇంకోటుంది: ఇది బాలీవుడ్ కాదు, తెలుగు సినిమా అని రాజమౌళే అమెరికాలో చెప్పుకోవాల్సి వచ్చింది. మీరూ బల్ల గుద్ది చెప్పండి. వినాల్సినోళ్లెవరూ కొట్టులో ఉండరు కాబట్టి ఎంత గట్టిగా గుద్దినా భయం లేదు. బల్ల మీద టీ గ్లాసులు మాత్రం చూసుకోండి.

ఇంటి అవార్డులకు పద్ధతి వేరే. 1964లో మొదలైన నందికి గుర్తు లేపాక్షి బసవన్న. అంటే బొమ్మ మా సీమదే, కొట్లాట అందరిదీ. 2017 నవంబరులో ఏమైందంటే 2014, 2015, 2016 మూడేళ్ల నందులూ ఒక్కసారే ప్రకటించినారు. చౌకదుకాణంలో మూడు నెలల బియ్యం ఒకే రోజు పోసినట్టు, మూడేళ్ల కోపం ఒకే సాయంత్రం పడాల్సి వచ్చింది. అలవాటు లేనోళ్లు అలసిపోయినారు. అందుకే మీ హీరోకు రానప్పుడు పడాల్సిన కోపం రోజుకింత అలవాటు చేసుకోవాల.

2023 ఆగస్టులో జాతీయ అవార్డులప్పుడు ఈ అలవాటే పనికొచ్చింది. ఉత్తమ నటుడిగా అల్లు అర్జున్, ఒక తెలుగు హీరోకు అది రావడం మొదటిసారి. మా వీధిలో టపాసులు పేలినాయి, వేరే హీరో మనుషులు పెందలాడే షట్టర్లు దించుకున్నారు. అదే జాబితాలో 'కొండపొలం' పాటకు చంద్రబోస్‌కు ఉత్తమ గీత రచయిత అని ఉంది. కరువుకు గొర్రెలను నల్లమలకు తోలుకపోయే మా కాపరుల కథ అది, సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి నవల. సీమ అంటే సుమోలూ కొడవళ్లూ తప్ప ఏమీ కనపడని తెరమీద గొర్రెలు కనపడినాయి. దీనికి ఎట్లా స్పందించాలో తెలియనోళ్లు నేను చేసినట్టే చేయండి. పేపరు మడిచి బజ్జీల నూనె అద్దండి.

అసలు కొట్లాటకు పనికిరాని అవార్డు అవార్డే కాదు. 1938లో నేతగాళ్లకు సహకార సంఘం పెట్టిన మాచాని సోమప్ప ఈ ఊరాయనే, పద్మశ్రీ వచ్చింది. ఆయనకెందుకిచ్చినారని చొక్కాలు చింపుకున్నట్టు ఎవరూ చెప్పగా వినలేదు. అట్లాంటి పద్మశ్రీతో ఏం లాభం?

చివరి జాగ్రత్త: మగ్గం దగ్గర పెద్దోళ్లకు ఆస్కార్ బొమ్మ చూపించొద్దు. నేను చూపించి చెడిపోయినా. మా వెనక వీధి తాత గుంత మగ్గంలో కూర్చొని, నాడె ఆపి, ఫోను కంటికి దగ్గరగా పట్టుకున్నాడు.

"బంగారమా?"

"పూత తాతా. లోపల కంచు. నాలుగు కిలోల దాకా ఉంటుంది."

"అమ్మితే?"

"అమ్మకూడదంట. కావాలంటే ముందు వాళ్లకే ఒక్క డాలరుకు ఇయ్యాలంట."

తాత ఇంకోసారి చూసినాడు. కింద నుంచి పైదాకా.

"ఒంటి మీద గుడ్డ పేలిక లేదేమప్పా వీనికి? ఎంత పొడుగుంటాడు?"

"పదమూడున్నర అంగుళాలు."

"చేతిగుడ్డ చాల్లే," అని ఫోను నా చేతికిచ్చి, నాడె విసిరినాడు.